మెగ్నీషియం చక్రాలకు రంగు ఎందుకు నిలవదు, ఎలా వేస్తే నిలుస్తుంది

బరంపురంలో ఉంచిన పాత స్పోర్ట్స్ కారు, 15 అంగుళాల మ్యాగ్ వీల్స్. షెడ్డులో రెండుసార్లు రంగు వేయించినా ఒక్క వానాకాలానికే పొక్కులు లేచాయి. పొక్కు గిల్లితే లోపల తెల్ల పొడి. ఈసారి పౌడర్ కోటింగ్‌కి (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) ఇస్తే ఆగుతుందా అని ఆ కారు యజమాని అడిగారు. ఇవ్వకండి. ఎందుకో కింద చెప్తాను.

అంతకంటే ముందు అది నిజంగా మెగ్నీషియమేనా చూడండి. మన వైపు ఏ అలాయ్ వీల్‌నైనా మ్యాగ్ వీల్ అనేస్తారు. వాటిలో దాదాపు అన్నీ అల్యూమినియమే. అసలైన మెగ్నీషియం టయోటా 2000జీటీ, పోర్షె కరేరా జీటీ లాంటి కొద్ది కార్లకీ, రేసుల కోసం పోసిన పాత మినీలైట్ లాంటి సెట్లకీ వచ్చింది. చక్రం వెనక కనపడనిచోట రూపాయి బిళ్లంత రంగు గీకి, మెరిసే లోహం మీద ఒక చుక్క నిమ్మరసం గానీ తెల్ల వెనిగర్ గానీ వేయండి. మెగ్నీషియమైతే క్షణాల్లో సన్న బుడగలు నురగలా లేస్తాయి. అల్యూమినియమైతే చుక్క ఊరికే ఉంటుంది. చూశాక వెంటనే కడిగేయండి. చేత్తో ఎత్తినా తెలుస్తుంది: ఘన సెంటీమీటరుకు అల్యూమినియం 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.74. వెనక ఏజెడ్91 అని గానీ జెడ్‌కె60 అని గానీ (మెగ్నీషియం మిశ్రమాల పేర్లు) అచ్చు ఉంటే రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంట్లో గీజర్ విప్పినప్పుడు లోపల సగం కరిగిన కడ్డీ ఒకటి కనిపిస్తుంది కదా, అది మెగ్నీషియమే. ట్యాంకు ఇనుము తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడమే దాని పని. మీ చక్రం ఇనుప హబ్బుకీ, ఇనుప నట్లకీ, ఇత్తడి వాల్వుకీ ఆని కూర్చుంది. గోపాలపూర్ గాలి మోసుకొచ్చే ఉప్పుతేమ మధ్యలో చేరితే ఆ గీజర్ కడ్డీ గతే దీనికీ. వస్తువులకు వాడే లోహాల్లో దీని కంటే తొందరగా లొంగిపోయేది లేదు. అందుకే సముద్రపు పనులకు అమ్మే జింక్ రిచ్ ప్రైమర్ ఇక్కడ పూర్తిగా తప్పు. ఇనుమును కాపాడే జింకు మెగ్నీషియం ముందు బలమైన పక్షమైపోతుంది, కరిగేది చక్రమే.

షెడ్డులో వేసిన సింథటిక్ ఎనామిల్ ఊడటానికి వేరే కారణం ఉంది. మెగ్నీషియం చిలుము క్షారం. ఎనామిల్‌లో ఉన్నది నూనె. నూనెకు క్షారం తగిలితే సబ్బవుతుంది. పూత అడుగునుంచే సబ్బులా మెత్తబడి పొరలుగా లేస్తుంది. ఎంత ఖరీదైన ఎనామిల్ తెచ్చినా ఇదే జరుగుతుంది కాబట్టి పెయింటర్‌ని తిట్టి లాభం లేదు.

ఇక పౌడర్ కోటింగ్. ఆ పొడి కరిగి గట్టిపడాలంటే ఓవెన్ 180 నుంచి 200 డిగ్రీలు ఉండాలి. జెడ్‌కె60 లాంటి ఫోర్జ్‌డ్ (పోయకుండా ఒత్తి ఆకారం తెచ్చిన) చక్రానికి బలం వచ్చేదే 150 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉంచిన వేడి వల్ల. దాన్ని 200లో పెడితే ఆ బలం తగ్గుతుంది, పైకి ఏమీ కనపడదు. పోత చక్రాలతో బాధ ఇంకొకటి: పోతలోని సన్న రంధ్రాల్లో చిక్కిన గాలి వేడికి బయటికొచ్చి పూతలో సూదిబెజ్జాలు పెడుతుంది. ఆ బెజ్జాల్లోంచే మళ్లీ ఉప్పు దిగుతుంది. పైగా పౌడర్ కోటింగ్ షాపుల్లో ముందు కడుగుడు చాలాచోట్ల యాసిడ్ తొట్టిలోనే, ఆ తొట్టి మెగ్నీషియంను తినేస్తుంది. గాలికే ఆరే, లేదా 60 డిగ్రీల్లో కాల్చే టూ-ప్యాక్ రంగు (హార్డనర్ కలిపి వాడేది) చాలు.

పాత రంగు తీయడానికి టైరు, వాల్వు, బ్యాలెన్సింగ్ వెయిట్లు అన్నీ ముందు విప్పేయండి. పెయింట్ రిమూవర్ జెల్ రాసి ప్లాస్టిక్ గరిటెతో గీకండి. ఇక్కడో తమాషా ఉంది: కాస్టిక్ సోడా అల్యూమినియంను కొరికేస్తుంది గానీ మెగ్నీషియంను ముట్టుకోదు. యాసిడ్ అయితే మెగ్నీషియంను వదలదు. బాత్రూం యాసిడ్, వీల్ క్లీనర్ పేరుతో అమ్మే యాసిడ్ సీసాలు దరికి రానివ్వకండి. నిమ్మరసం పరీక్ష చేయకుండా కాస్టిక్ తొట్టిలో ముంచితే మాత్రం, అది అల్యూమినియమని తేలేసరికి చక్రం మిగలదు.

రంగు పోయాక, ఇంకా ఏమీ రుద్దకముందే పగుళ్లు చూడాలి. రుద్దితే మెత్తని లోహం పగులు నోరు మూసేస్తుంది. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో డై పెనెట్రంట్ (పగుళ్లలోకి దిగి వాటిని చూపించే రంగు) మూడు డబ్బాల సెట్టు దొరుకుతుంది. ఎర్రటిది కొట్టి 15 నిమిషాలు ఆగాలి. తర్వాత క్లీనర్‌తో తడిపిన గుడ్డతో తుడవాలి, క్లీనర్ నేరుగా చక్రం మీద కొట్టకూడదు. తెల్ల డెవలపర్ పలచగా కొట్టి 10 నిమిషాలు చూడండి. స్పోకుల మొదళ్లు, నట్టు బెజ్జాల చుట్టూ, టైరు కూర్చునే అంచు ముఖ్యం. ఎర్ర గీత కనిపిస్తే ఆ చక్రం గోడకు తగిలించుకోడానికే. వెల్డింగ్ చేస్తామనే వాళ్ల మాట వినకండి. సునాబెడలో హెచ్‌ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచి రిటైరైన తనిఖీ వాళ్లెవరైనా తెలిసుంటే చూపించండి. విమాన ఇంజిన్లలో మెగ్నీషియం వాడకం పాతదే కాబట్టి ఈ లోహం వాళ్లకు కొత్త కాదు.

చిలుము తీయడానికి ఇనుప బ్రష్షు, స్టీల్ ఊలు, ఇనుము మీద వాడిన పాత ఎమెరీ పేపరు, స్టీల్ గ్రిట్ బ్లాస్టింగ్ ఏవీ వద్దు. లోహంలో గుచ్చుకుని ఉండిపోయిన ఒక్క ఇనుప రవ్వ చాలు, దాని చుట్టూ పొక్కు లేవడానికి. కొత్త వాటర్ పేపర్లతో (తడిపి రుద్దే ఎమెరీ పేపర్లు) 120, 180, 240, 320 నంబర్ల వరుసలో తడిపి రుద్దండి. పొడిగా గ్రైండర్ పెట్టడం నిప్పుతో ఆట. మెగ్నీషియం ధూళి అంటుకుంటే నీళ్లు పోస్తే ఇంకా భగ్గుమంటుంది, సీఓ2 సిలిండర్ కూడా పనికిరాదు. పక్కన ఒక బకెట్ బాగా ఎండిన ఇసుక ఉండాలి. రుద్దగా వచ్చిన బురద మూత పెట్టిన డబ్బాలో దాచకండి, అందులోంచి హైడ్రోజన్ వస్తుంది.

గుంటల్లో దాగిన ఉప్పే అసలు శత్రువు. చివరి కడుగు బోరు నీళ్లతో కాకుండా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో (యాసిడ్ కాదు) చేయండి, వేడి చేసి పోస్తే ఇంకా మంచిది. నాలుగు చక్రాలకు 5 లీటర్ల క్యాన్లు రెండు పడతాయి. ఆరబెట్టి ఒక రాత్రి కావాలనే అలా వదలండి. పొద్దుటికి ఏ గుంటలోనైనా తెల్లగా పూస్తే అక్కడ ఉప్పు ఇంకా ఉందన్నమాట, మళ్లీ రుద్ది కడగాలి. పూయకపోతే 320తో ఒకసారి తేలిగ్గా రుద్ది, కడిగి, 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, అసిటోన్‌తో తుడిచి, చేతులు తగలనివ్వకుండా అదే రోజు ప్రైమర్ కొట్టేయాలి.

ప్రైమర్ టూ-ప్యాక్ ఎపాక్సీ. యాసిడ్ ఉండే ఎచ్ ప్రైమర్ వద్దు. మెగ్నీషియం కోసమే చేసిన క్రోమ్ లేని కన్వర్షన్ ద్రావణం (లోహం పైపొరను రక్షణ పొరగా మార్చేది) దొరికితే ప్రైమర్‌కి ముందు వాడండి. పాత పద్ధతి డైక్రోమేట్ స్నానం మాత్రం ఇంట్లో చేయకండి, క్యాన్సర్ తెచ్చే సరుకది. నాలుగు చక్రాలకు లోపలా బయటా రెండు పూతలకు కలిపిన ప్రైమర్ ఒక లీటరు సుమారుగా సరిపోతుంది. 1.6 మి.మీ. నాజిల్ స్ప్రే గన్ను పెట్టి, ఒక్కో పూత 25–30 మైక్రాన్లు. లప్పం పెట్టాలంటే మొదటి ప్రైమర్ మీదే, అదీ ఎపాక్సీ లప్పమే. తర్వాత పీయూ (పాలియురేతేన్) బేస్ రంగు రెండు పలుచటి పూతలు, పైన రంగులేని క్లియర్ రెండు. హార్డనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. ఆర్గానిక్ కార్ట్రిడ్జ్ మాస్కు తప్పనిసరి.

గాలిలో తేమ 85 శాతం దాటితే గన్ను ఎత్తకండి. బరంపురం, ఛత్రపురం వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. కోరాపుట్, జయపురం వైపైతే ఆ నెలల్లోనే పొద్దున పొగమంచు, చక్రం చల్లగా ఉండి చెమ్మ పడుతుంది. పదకొండు దాటాక మొదలుపెట్టండి.

హబ్బుకు ఆనే ముఖం మీద ప్రైమర్ ఒక్క పలుచటి పూతే ఉండాలి. నట్టు కూర్చునే గుంటలో ఏ రంగూ ఉండకూడదు, ముందే మాస్కింగ్ చేయండి. అక్కడ రంగు ఉంటే నట్టు ఒత్తిడికి నలిగి, నాలుగు రోజులకు నట్టు వదులవుతుంది. నట్ల మరలకు గ్రీజు కూడా వద్దు. కంపెనీ చెప్పిన టార్క్‌తో (బిగింపు బలం) బిగించి, 80–100 కిలోమీటర్లకు మళ్లీ చూసి, ఆ తర్వాత బయటినుంచి నట్ల చుట్టూ మైనం పూయండి.

ఇంత చేసినా చివరికి పాడయ్యేది పంచర్ షాపులోనే. క్లియర్ వేశాక వారం రోజులు ఆగి టైరు ఎక్కించండి. ఇనుప కమ్మీతో కాకుండా ప్లాస్టిక్ గార్డులున్న మెషీన్ మీద ఎక్కించమనండి. వాల్వు రబ్బరుది, బ్యాలెన్సింగ్‌కి లోపలివైపు అంటించే స్టిక్కర్ వెయిట్లు. అంచుకు సుత్తితో కొట్టే క్లిప్పు వెయిట్లు రంగు కోసుకుని లోహం దాకా దిగుతాయి. ఎక్కడ గీత పడినా వానలు రాకముందే గీకి, కడిగి, ఆ చోట ఎపాక్సీ ముట్టించండి.