గుండె ఆపరేషన్ అయిన అమ్మాయికి కాన్పు గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

"నేను పిల్లల్ని కనొచ్చా పెద్దమ్మా?" అని నువ్వు ఫోన్‌లో అడిగితే వెంటనే జవాబు చెప్పలేదు. రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు కాబట్టే తీరిగ్గా రాస్తున్నాను. ఇది అల్లుడికి కూడా చదివించు.

నేను లేబర్ రూమ్‌లోనే పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరైన మనిషిని. గుండె జబ్బున్న తల్లుల కాన్పులు దగ్గరుండి చూశాను. జబ్బు ఎంతన్నది ఎటూ ముఖ్యమే. కానీ ఒకే రకం జబ్బున్న ఇద్దరిలో, ముందే చూపించుకుని అన్నీ మాట్లాడుకుని వచ్చిన అమ్మాయి కాన్పు ఒకలా ఉంటుంది, ఎవరికీ చెప్పకుండా నొప్పులతో వచ్చిన అమ్మాయి కాన్పు ఇంకోలా ఉంటుంది. అందుకే నా మొదటి మాట, నెల తప్పాక కాదు, ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

నీకున్నది టెట్రాలజీ ఆఫ్ ఫాలో. గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. చిన్నప్పుడు నాలుగడుగులు పరిగెత్తగానే గొంతుక్కూర్చునేదానివి, పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడేవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, మరుసటేడు నీకు ఆపరేషనైంది. ఆ రోజుల్లో అలా బాగుపడిన పిల్లలెందరో ఇప్పుడు పెళ్లిళ్లయి తల్లులవుతున్నారు. కానీ ఆపరేషన్ అయింది కదా, ఇక గుండె మామూలుదే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. నువ్వూ కాలేజీలో చేరాక చెకప్‌కి వెళ్లడం మానేశావు.

నీకు చేసిన ఆపరేషన్‌లో రంధ్రానికి ప్యాచ్ వేస్తారు, ఇరుకు దారిని వెడల్పు చేస్తారు. అలా వెడల్పు చేసిన చాలామందిలో అక్కడి వాల్వు పూర్తిగా మూసుకోదు. కొంత రక్తం వెనక్కి వస్తుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కుడివైపు గది సాగుతుంది. మనిషికి మాత్రం ఏమీ తెలియదు. మెట్లెక్కుతుంది, ఉద్యోగం చేస్తుంది. గర్భం వచ్చాక ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. 28 నుంచి 32 వారాలకల్లా గుండె మీద ఆ భారం పూర్తిగా పడుతుంది. అప్పటిదాకా సర్దుకుపోయిన గుండె అలసిపోయేది అప్పుడే.

కాబట్టి ఇప్పుడు ఎకో, ఈసీజీ, ట్రెడ్‌మిల్ చేయించుకో. కుడి గది సంగతి తేల్చడానికి ఎమ్మారై కావాలంటే అదీ చేయించుకో. మామూలు కార్డియాలజిస్ట్ కంటే పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్తే మంచిది. గుండె జబ్బుతో గర్భం ఎంత ప్రమాదమో చెప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో ఒక వర్గీకరణ ఉంది, ఒకటి నుంచి నాలుగు దాకా. "డాక్టర్‌గారూ, నేను ఎన్నో తరగతి?" అని సూటిగా అడుగు. టెట్రాలజీ బాగా కుదిరిన వాళ్లు సాధారణంగా రెండులోకి వస్తారు. జాగ్రత్తగా చూసుకుంటూ కనొచ్చని దాని అర్థం. చిన్న రంధ్రం మూసేసి, ఇంకే ఇబ్బందీ లేనివాళ్లు ఒకటి. నాలుగంటే ఊపిరితిత్తుల్లో బీపీ బాగా పెరిగినవాళ్లు, గుండె పంపింగ్ బాగా తగ్గిపోయినవాళ్లు. వాళ్లకు గర్భం వద్దనే చెబుతారు. ముందు వాల్వు మార్చుకుని తర్వాత కనమంటే అలాగే చెయ్యి తల్లీ. ఒకటి రెండేళ్లు ఆలస్యమైతే ఏమీ కాదు. ఇదంతా తేలేదాకా గర్భం రాకుండా ఏం వాడాలో కూడా ఆ డాక్టర్‌నే అడుగు, మందుల షాపులో నీకు నువ్వే మాత్రలు కొనుక్కోకు.

మీ ఆఫీసులో వాల్వు మార్చిన అమ్మాయి ఒకరున్నారన్నావు కదా. ఆమెకి ఈ మాట తప్పక చెప్పు. రక్తం గడ్డకట్టకుండా వాడే ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి గర్భం మొదటి నెలల్లో బిడ్డకు హాని చేస్తాయి. అలాగని తనంతట తాను మానేస్తే వాల్వు మీద గడ్డకట్టి తల్లి ప్రాణానికే ముప్పు. ఎప్పుడు ఏ మందుకి మారాలో గర్భం రాకముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. బీపీకి, గుండెకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలు కూడా గర్భంలో పనికిరావు.

ఇక నీ ఆపరేషన్ కాగితాలు. మీ అమ్మ బీరువాలో పట్టుచీరల అడుగున ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, అందులో డిశ్చార్జ్ సమ్మరీ ఉండాలి. ఏ ప్యాచ్ వేశారో, వాల్వుకి ఏం చేశారో అందులోనే రాసి ఉంటుంది. ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టుకో, జిరాక్సు ఒకటి అల్లుడి దగ్గర ఉంచు.

నీకు నచ్చని మాట ఒకటి చెప్తున్నాను. పెళ్లప్పుడు మీ అమ్మ ఈ సంగతి అల్లుడికి చెప్పింది గానీ మీ అత్తగారికి చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి. ఒక రాత్రి మా లేబర్ రూమ్‌కి తొలి కాన్పు అమ్మాయి నొప్పులతో వచ్చింది. కేస్ షీట్‌లో పాత జబ్బులేమీ లేవని రాసి ఉంది. గౌను మారుస్తుంటే రొమ్ముల మధ్య నిలువు గీత కనిపించింది. "ఇదేంటమ్మా?" అని అడిగితే, ఆమె తల్లి గుమ్మంలో నిలబడ్డ వియ్యపురాలి వైపు ఒకసారి చూసి, "చిన్నప్పుడు కాలింది" అంది. కాలిన మచ్చ అలా గీత గీసినట్టు ఉంటుందా? ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బతిమాలితే అప్పుడు చెప్పింది. తెల్లవారుజామున బిడ్డ పుట్టిన కాసేపటికే ఆయాసం మొదలైంది, వేరే ఆసుపత్రి నుంచి గుండె డాక్టర్‌ని పిలిపించాల్సి వచ్చింది. అమ్మాయి బతికింది. కానీ ముందే చెప్పి ఉంటే ఆ డాక్టర్ అక్కడే ఉండేవాడు. మీ అత్తగారు ఓ పూట అలిగితే అలగనీ, అల్లుణ్ణే చెప్పమను.

తొలి కాన్పు పుట్టింట్లో అనే పట్టింపు ఈసారికి వదిలేయండి. మన ఊళ్లో అర్ధరాత్రి ఆయాసమొస్తే 108లో ఒంగోలు చేరేసరికే గంటలు పడుతుంది. నువ్వు హైదరాబాద్‌లోనే ఉండు, మీ అమ్మే నీ దగ్గరికి వస్తుంది. సీమంతం కూడా అక్కడే చేసుకుందాం. గైనకాలజిస్ట్, గుండె డాక్టర్, మత్తు డాక్టర్, పసిపిల్లల ఐసీయూ ఒకే ఆవరణలో ఉన్న ఆసుపత్రి చూసుకోండి. మత్తు డాక్టర్‌ని కాన్పు రోజున కాదు, ఏడో నెలలోనే కలవాలి.

గుండె జబ్బంటే సిజేరియన్ ఆపరేషనే చేయాలి, నొప్పులు తట్టుకోలేదు అని చాలామంది అంటారు. అసలే తెలంగాణలో 2019-21 సర్వే నాటికే నూటికి 60 కాన్పులు సిజేరియన్లు. నిజానికి నీలాంటి వాళ్లలో ఎక్కువమందికి మామూలు కాన్పే గుండెకు మేలు. రక్తం తక్కువ పోతుంది, ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ. వెన్నులో ఎపిడ్యూరల్ అనే మత్తు పెడితే నొప్పి తగ్గుతుంది, గుండె దడా తగ్గుతుంది. ఎడమవైపు తిప్పి పడుకోబెడతారు. చివర్లో నువ్వు ఊపిరి బిగబట్టి ఎక్కువసేపు ముక్కకుండా వాక్యూమ్‌తో సాయం చేస్తారు. బృహద్ధమని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, బాగా ఉబ్బినవాళ్లు, వార్ఫరిన్ మీద ఉండగానే నొప్పులొచ్చినవాళ్లు, అలాంటి కొందరికే గుండె కారణంగా సిజేరియన్ కావాలి. ముహూర్తం మాట ఎవరైనా ఎత్తితే నా పేరు చెప్పు. నొప్పులు తెప్పించాల్సి వస్తే, డాక్టర్లందరూ డ్యూటీలో ఉండే పగటిపూటే నీకు మంచి ముహూర్తం.

ఇదంతా ఒక పేజీలో డాక్టర్ చేత రాయించి ఫైలు మొదట్లోనే పెట్టించు. రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త సిస్టర్ చదివినా వెంటనే అర్థమయ్యేలా ఉండాలి. గుండెలో ఏముంది, ఎవరికి ఫోన్ చేయాలి, సెలైన్ ఎంత ఎక్కించొచ్చు, ఏ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. కాన్పవగానే రక్తస్రావం ఆగడానికి మన లేబర్ రూముల్లో అలవాటుగా ఇచ్చే మెథర్జిన్ రక్తనాళాల్ని బిగించి బీపీ పెంచుతుంది, గుండె జబ్బున్న తల్లులకు వద్దంటారు. గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ కూడా ఒక్కసారిగా తోయకుండా మెల్లగా ఎక్కించాలి. అలవాటైన చెయ్యి ఆలోచించేలోపే ఆ ఇంజెక్షన్ వైపు పోతుంది అమ్మడూ, అందుకే కాగితం మీద ఉండాలి.

బిడ్డ ఏడుపు వినగానే అందరూ స్వీట్లు పంచుకుంటారు. నాకు మాత్రం అసలు టెన్షన్ అప్పుడే మొదలయ్యేది. గర్భసంచి ముడుచుకోగానే అందులోని రక్తమంతా గుండె వైపు తిరుగుతుంది. అందుకే ఆ తర్వాత రెండు మూడు రోజులు తల్లిని మానిటర్ మీద పెట్టి చూడాలి. బాగానే ఉంది కదా అని మర్నాడే రూమ్‌కి మార్చమని అడగకండి. బాలింతకు మంచినీళ్లు ఇవ్వకూడదని మీ అమ్మ పట్టుబడుతుంది. నీళ్లు ఎంత తాగాలో, ఉప్పు ఎంత తినాలో డాక్టర్ చెప్పిందే లెక్క.

మధ్యలో నెలలు సాగేటప్పుడు కాళ్లవాపు, కాస్త ఆయాసం గర్భిణులకు మామూలే. కానీ వెల్లకిలా పడుకోలేకపోవడం, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, పడుకుంటే దగ్గు, గుండె దడతో కళ్లు తిరగడం, నాలుగు రోజుల్లో బరువు అమాంతం పెరగడం మామూలు కాదు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకు. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గనివ్వకు, గుండెకి అదొక అదనపు బరువు. పంటి ఇన్‌ఫెక్షన్ రక్తంలో కలిసి గుండెకి పాకొచ్చు, అందుకే పళ్లు చెడితే ఇప్పుడే బాగుచేయించుకో.

బిడ్డకీ వస్తుందా అనే భయం నీకుందని నాకు తెలుసు. మామూలుగా నూటికి ఒకరికి వచ్చేది, తల్లికి ఉంటే నూటికి మూడు నుంచి ఐదుగురి దాకా ఉంటుంది. అంటే చాలామంది పిల్లలు ఏ లోపం లేకుండానే పుడతారు. టెట్రాలజీ ఉన్న కొందరిలో మాత్రం 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించి ఉంటుంది, అలాంటప్పుడు ఆ క్రోమోజోమ్ లోపం బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆ పరీక్ష అవసరమా అని గర్భానికి ముందే అడుగు. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌తో పాటు కడుపులో బిడ్డ గుండెను చూసే ఫీటల్ ఎకో తీస్తారు.

ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకో. అల్లుణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టకు, డాక్టర్ గదిలోకి తీసుకెళ్లు. ఎకో రిపోర్టు రాగానే నాకు ఫోటో పంపు, అందులో వాల్వు గురించి, కుడి గది గురించి ఏం రాశారో చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ