జీడితోట అమ్మి కొడుకుని రేసర్‌ని చెయ్యాలా?

ప్రశ్న: సర్, మాది పలాస, చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. మావోడికి టెన్త్ అయిపోయింది, ఎప్పుడు చూసినా ఫార్ములా వన్నే. వెర్‌స్టాపెన్‌కి వాళ్ళ నాన్నే నేర్పాడంట, నువ్వూ నన్ను పంపు అంటాడు. హైవే మీద బైక్ 120లో తోలుతున్నాడని తెలిసింది. ఎకరం జీడితోట అమ్మి ట్రైనింగ్‌కి పంపమంటారా?

జవాబు: తోట అమ్మకండి. బైక్ తాళం మాత్రం ఈరోజే తీసేసుకోండి బాబూ, లైసెన్స్ వయసు కూడా రాని గుంటడు లారీల మధ్యన 120 కొడితే రేసింగ్ ఒక్క ముక్క రాదు, ప్రాణం పోద్ది.

మీవోడు చెప్పింది నిజమే. మాక్స్ వెర్‌స్టాపెన్ వాళ్ళ నాన్న యోస్ ఫార్ములా వన్ తోలినోడు, అమ్మ కూడా కార్టింగ్, అంటే కార్ట్ అనే చిన్న రేసు బండి పోటీలు, చేసినావిడే, చిన్నపిల్లాడప్పుడే కార్ట్ ఎక్కించేశారు, 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగుసార్లు ఛాంపియన్. ఆ వయసు మనకి దాటిపోయింది.

డేమన్ హిల్ సంగతి చెప్పండి వాడికి. నాన్న గ్రాహం హిల్ 1962, 1968లో వరల్డ్ ఛాంపియన్, 1975లో సొంత విమానం కూలి చనిపోయాడు, అందులో పోయిన మిగతావాళ్ళ కుటుంబాలకి పరిహారం కట్టేసరికి ఇంట్లో డబ్బంతా ఊడ్చుకుపోయింది. కొడుకు కూలిపని చేశాడు, బైక్ మీద కొరియర్లు మోశాడు, ఫార్ములా వన్‌లోకి వచ్చేసరికి 31 ఏళ్ళు, 1996లో ఛాంపియన్ అయ్యాడు. తండ్రీకొడుకులిద్దరూ ఛాంపియన్లవడం అదే మొదటిసారి, ఆ తర్వాత కేకే, నికో రోస్‌బర్గులే. అంత పేరున్న ఇంట్లోనే సీటు ఊరికే రాలేదండి. ఇంకో సంగతి, గ్రాహం లైసెన్స్ తీసుకుందే 24 ఏళ్ళకి, లోటస్ అనే రేస్ టీములో మెకానిక్‌గా పనిచేస్తూ డ్రైవరయ్యాడు, అంటే మీ షెడ్డు తక్కువదేం కాదు.

సెలవుల్లో చెన్నై తీసుకెళ్ళి రెంటల్ కార్ట్ ఎక్కించండి, ల్యాప్ టైముల షీట్, అంటే ట్రాక్ ఒక్కో చుట్టుకి ఎంతసేపు పట్టిందో చూపే కాగితం, అడిగి తీసుకోండి. అందులో బెస్ట్ ల్యాప్ చూసి మురిసిపోవద్దు, వరస ల్యాపులన్నీ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి, ఒకటి ఫాస్ట్ పడి తర్వాత రెండు చెడిపోతే ఇంకా చేతికి రాలేదని. బాగుంటే అప్పుడు మన దేశంలో మోటార్ రేసింగ్ చూసుకునే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్స్, శ్రీపెరుంబుదూర్ దగ్గరున్న ట్రాక్‌లో ట్రైనింగ్ ఆలోచిద్దాం. టైర్లు, ఎంట్రీ ఫీజులు, ఇంజిన్ పనులు, ప్రయాణాలు, ఇవన్నీ రేసు రేసుకీ ఉంటాయి, ఎకరం డబ్బు ఎంతో దూరం రాదు, స్పాన్సర్ దొరక్కుండా ముందుకెళ్ళడం చాలా కష్టం. మన దేశం నుంచి ఫార్ములా వన్ తోలిన నారాయణ్ కార్తికేయన్, కరుణ్ చందోక్ ఇద్దరి నాన్నలూ ర్యాలీలు తోలినోళ్ళే, వాళ్ళకి కూడా డబ్బు దగ్గర ఇబ్బందులు తప్పలేదు.

ఈలోపు చదువు ఆపకండి. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ గానీ మెకానికల్ గానీ డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి. స్టూడెంట్లే కారు కట్టి పోటీకి తీసుకెళ్ళే బాహా, ఫార్ములా భారత్ టీములున్న కాలేజీ వెతుక్కోమనండి, రేస్ టీములకి మెకానిక్‌లూ డేటా చూసే ఇంజినీర్లూ కూడా కావాలి కదా.

సాయంత్రాలు షెడ్డులో మీ పక్కన నిలబెట్టండి. పాత బండి ప్లగ్ విప్పించి, నల్లగా మసి పట్టిందా తెల్లగా కాలిపోయిందా చూసి పెట్రోల్ ఎక్కువ పోతుందో తక్కువ పోతుందో వాడినే చెప్పమనండి. చెన్నై వెళ్ళొచ్చాక ఆ షీట్ ఫొటో నాకు పంపండి, చూసి మళ్ళీ రాస్తాను.