బైపాస్‌కు వెళ్లేముందు సంచిలో ఏం సర్దాలి?

మీ నాన్నగారికి వచ్చే వారం గుండె బైపాస్ ఆపరేషన్, ఆసుపత్రికి ఏమేం తీసుకెళ్లాలని అడిగారు. మొదటి రెండు మూడు రోజులు ఐసీయూలోనే కాబట్టి పెద్ద సూట్‌కేసు దండగ. యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల పరీక్ష) సీడీ, పాత రిపోర్టులు, మందుల చీటీ, ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా బీమా కార్డు ఒకే కవర్లో పెట్టండి. రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీరు ఆపకండి.

బట్టలంటే ముందు గుండీలున్న వదులు చొక్కాలు, లుంగీలు చాలు. ఛాతీ ఎముకను కోసి తీగతో బిగిస్తారు, చేతులెత్తి బనియన్ తొడగడం కుదరదు. చిన్న దిండు మాత్రం మరవకండి. దగ్గొచ్చినప్పుడు ఛాతీకి హత్తుకుంటే నొప్పి తగ్గుతుంది. కట్టుడు పళ్లుంటే మూతున్న డబ్బా. ఉంగరం, మొలతాడు ఇంట్లోనే తీసేయించండి. మొలతాడు దగ్గర పెద్దవాళ్లు మొండికేస్తారు, ముందే నచ్చజెప్పండి.