సెకండ్ హ్యాండ్ సెస్నా 172 కొంటే ఏడాదికి ఖర్చు ఎంతవుతుంది?

ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఈమధ్యే వచ్చిందని, డాలస్ దగ్గర తొంభై వేల డాలర్లకు ఒక పాత సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం) చూశానని, కొన్నాక ఎంత ఖర్చవుతుందని అడిగారు. నేనూ ఆ చుట్టుపక్కలే ఉంటాను. 2018లో ముగ్గురు మిత్రులతో కలిసి 1975 మోడల్ 172 కొన్నాను. మా లెక్కలే చెబుతాను.

అందరూ ముందు పెట్రోల్ గురించే అడుగుతారు. గంటకు సుమారు 8 గ్యాలన్లు, గ్యాలన్ 6 డాలర్లు వేసుకున్నా 48 డాలర్లే. విమానం కదలకపోయినా కట్టాల్సినవే అసలు బరువు. మాకు హ్యాంగర్ (విమానం ఉంచే షెడ్డు) అద్దె నెలకు 420 డాలర్లు, నలుగురి పేరు మీద ఇన్సూరెన్స్ ఏడాదికి 1,900, పన్నెండు నెలలకోసారి తప్పనిసరిగా చేయించాల్సిన యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ చిన్న రిపేర్లతో కలిపి 2,500 దాకా. రెండేళ్లకోసారి ట్రాన్స్‌పాండర్ (విమానం ఎక్కడుందో రాడార్‌కు తెలిపే పరికరం) పరీక్ష, జీపీఎస్ అప్‌డేట్లు కూడా కలిపితే ఏడాదికి దగ్గర దగ్గర పది వేలు. బయట కట్టేసి ఉంచితే అద్దె బాగా తగ్గుతుంది కానీ, ఇక్కడి వడగళ్లు మీకు తెలుసు కదా, రెక్కల మీద పలచటి అల్యూమినియం రేకు వాటికి ఆగదు.

ఎగిరినప్పుడు పెట్రోల్, ఆయిల్, రిపేర్లు, ఇంజిన్ కోసం దాచేది అన్నీ కలిపి గంటకు 92 వేసుకుంటాం. మీరు ఒక్కరే కొని ఏడాదికి 40 గంటలు ఎగిరితే గంటకు 342 పడుతుంది. వంద గంటలు ఎగిరితే 192. మా నలుగురివీ కలిపి 160 గంటలు అవుతాయి కాబట్టి మాకు 155లోపే. నేను చూసినంతలో ఇక్కడ అద్దె విమానం గంటకు 175 దాకా ఉంది. కొన్న డబ్బు ఈ లెక్కలో లేదు.

ఇక ఇంజిన్ సంగతి. ఇక్కడే మేం దెబ్బ తిన్నాం. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు తక్కువ కిలోమీటర్లు తిరిగినదాన్ని వెతుకుతాం కదా, విమానాన్నీ అలాగే చూశాం. అంతకుముందు నాలుగేళ్లలో అది ఎగిరింది 31 గంటలే. సంబరపడి, అమ్మేవారి మెకానిక్ చూసింది చాలనుకున్నాం. ఇందులోని లైకమింగ్ కంపెనీ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) పైభాగంలో ఉంటుంది. నెలల తరబడి నిలబెట్టేస్తే దాని మీది ఆయిల్ కిందికి దిగిపోయి, తేమకు తుప్పు పడుతుంది. ఆ తుప్పు గుంతలే తర్వాత లోహాన్ని కొరికేస్తాయి. 2020లో ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ కోసి చూస్తే అయస్కాంతానికి అంటుకునే ఇనుప రజను కనిపించింది. ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఓవర్‌హాల్‌కు, అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయించడానికి, 27,000 అయింది, తలా 6,750. విమానం ఐదు నెలలు షాపులోనే. లైకమింగ్ 2,000 గంటలకు లేదా పన్నెండేళ్లకు ఓవర్‌హాల్ చేయించమంటుంది, మాది 1,300 గంటలకే పోయింది.

అప్పటి నుంచి రెండు వారాలకోసారైనా ఎవరో ఒకరం గంట సేపు ఎగరేస్తాం. నేల మీద ఇంజిన్ కాసేపు తిప్పితే చాలదు, ఆయిల్ బాగా వేడెక్కి అందులోని తేమ ఆవిరైపోవాలి.

ఇంకో మాట. మనవాళ్లను ఎక్కించుకుంటే ఖర్చు పంచుకుంటామంటారు. పెట్రోల్, ఆయిల్, ఎయిర్‌పోర్టు ఫీజు వరకే పంచుకోవచ్చు, అందులోనూ మీ వాటా మీరు పెట్టాలి. హ్యాంగర్, ఇన్సూరెన్స్ వాళ్ల మీద వేయకూడదు.

నా మాటగా చెప్పాలంటే ఒంటరిగా కొనకండి, నమ్మకమైన ఇద్దరు ముగ్గురిని చూసుకుని, ఒప్పందం కాగితం మీద రాసుకుని కొనండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్‌తో ఒక సిలిండర్ విప్పించి క్యామ్ చూపించమనండి. ఆ విమానం లాగ్‌బుక్‌లో గత ఐదేళ్లలో ఏ ఏడాది ఎన్ని గంటలు ఎగిరిందో ఇక్కడ రాస్తే, నాకు తెలిసినంత చెబుతాను.