ఘనకార్యాలు లేనివారు బిహేవియరల్ ప్రశ్నలకు ఏం చెప్పాలి?

మీరు అడిగింది ఇది: “సహోద్యోగితో అభిప్రాయభేదం వచ్చిన సందర్భం చెప్పండి, ఒత్తిడిలో పనిచేసిన అనుభవం చెప్పండి అంటే ఇంటర్వ్యూలో నోరు పెగలడం లేదు. చెప్పుకోదగ్గ ఘనకార్యాలేవీ నేను చేయలేదు. ఏం చేయాలి?”

గతంలో ఒక సందర్భంలో మీరు నిజంగా ఏం చేశారో అడిగే ఇలాంటివాటినే బిహేవియరల్ ప్రశ్నలంటారు. వీటికి ఘనకార్యాలు అక్కర్లేదు. మీకు ధైర్యం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. కొన్నేళ్లుగా నేను ప్రశ్నలు అడిగే వైపు కూర్చుంటున్నాను. ఎక్కువ మార్కులు వేసిన జవాబుల్లో చాలావరకు చిన్న సంఘటనలే.

ఒకసారి గోదాములో లెక్కలు చూసిన అమ్మాయి వచ్చింది. ఎవరూ అప్పగించకపోయినా మీరే చేపట్టిన పని ఏదైనా చెప్పమన్నాను. రిజిస్టరులో ఉన్న సరుకుకీ అరల్లో ఉన్న సరుకుకీ పొంతన లేదని గమనించానంది. అంతవరకు మామూలే. నేరుగా మేనేజర్‌కు చెబితే రాత్రి షిఫ్టు వాళ్ల మీద అనుమానం పడుతుందని, ముందు వాళ్లతోనే కూర్చుని రసీదులు సరిచూసిందట. వాపసు వచ్చిన సరుకును ఒక షిఫ్టు వాళ్లు అందిన రోజునే రాసుకుంటుంటే, మరో షిఫ్టు వాళ్లు తనిఖీ అయ్యాక రాస్తున్నారని అప్పుడు తేలింది. “మేనేజర్‌కు ఆలస్యంగా చెప్పినందుకు ఏమీ అనలేదా?” అని అడిగాను. “అన్నారు. ఆ సాయంత్రమే చెప్పినా, అనుమానం వచ్చినప్పుడే చెప్పాల్సిందన్నారు. ఆయన చెప్పిందీ సబబే” అంది. ఆ జవాబుకు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

నేను చూసేది అక్కడే. మొదటి ప్రశ్నకు జవాబు ఎవరైనా కంఠస్థం చేసుకుని రావచ్చు. ఆ తర్వాత అడిగే “ఎందుకలా చేశారు? ఇంకో దారి లేదా? అవతలివాళ్లేమన్నారు?” అనే ప్రశ్నల దగ్గర అరువు తెచ్చుకున్న కథ ఆగిపోతుంది. జరిగిన సంఘటన అయితే ఎంత లోతుకు వెళ్లినా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అభిప్రాయాలకన్నా జరిగిన సంఘటనలే మనిషి పనితీరును బాగా తెలుపుతాయన్న ఆలోచన పాతదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక వైమానిక దళంలో జరిగిన అధ్యయనాల అనుభవంతో జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘కీలక సంఘటనల’ పద్ధతిని రూపొందించి, 1954లో దాని గురించి వివరంగా రాశారు. “మంచి పైలట్ ఎలా ఉండాలి?” అని అడిగితే అందరూ మంచి మాటలే చెబుతారు. “ఫలానా రోజు అతను ఏం చేశాడు?” అని అడిగితే పనికొచ్చే సమాచారం వస్తుంది. అందుకే “నేను ఎప్పుడూ అందరినీ కలుపుకుపోతాను” అన్న జవాబుకు మార్కులు పడవు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. గత రెండు మూడేళ్లలో మీకు చిరాకు తెప్పించినవి, ఆలోచనలో పడేసినవి, తృప్తినిచ్చినవి ఓ అరడజను సంఘటనలు కాగితం మీద పెట్టండి. ఉద్యోగానుభవం లేకపోతే చదువులో చేసిన ప్రాజెక్టు, స్వచ్ఛంద సేవ, ఇంటి బాధ్యత ఏదైనా సరే. ప్రతిదాని పక్కన మూడు విషయాలు రాయండి: ఆ క్షణాన మీ ముందున్న దారులేమిటి, వాటిలో దేన్ని ఎందుకు వదిలేశారు, చివరికి ఏం మారింది. జవాబును మాత్రం వాక్యాలుగా రాసుకోవద్దు. ఒకే సంఘటన ఒత్తిడి గురించి అడిగినా, చొరవ గురించి అడిగినా పనికొస్తుంది.

సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం అనే స్టార్ పద్ధతి గురించి వినే ఉంటారు. మంచిదే. కానీ చాలామంది సందర్భం వివరించడానికే సమయమంతా ఖర్చుచేస్తారు. దాన్ని రెండు మూడు వాక్యాల్లో ముగించి చర్యలోకి రండి. టీమ్‌గా చేసిన పనిలో మీ వంతేమిటో విడిగా చెప్పండి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, మేం అడిగిందే అది.

అభిప్రాయభేదం గురించిన ప్రశ్నకు మాత్రం ఎక్కువ సాధన చేయండి. అవతలి వ్యక్తి వాదనను అతను వింటే “అవును, నేనన్నది ఇదే” అనేంత న్యాయంగా చెప్పగలగాలి. అతన్ని మూర్ఖుడిగా చూపిస్తే మీరు గెలిచిన కథ అయినా మాకు భయమేస్తుంది. మీ మాట నెగ్గని సంఘటన కూడా నిరభ్యంతరంగా చెప్పవచ్చు. నిర్ణయం జరిగాక మీరు ఆ పనిని మనస్ఫూర్తిగా చేశారా లేదా అన్నదే అక్కడ ముఖ్యం.

అడిగిన అనుభవం మీకు నిజంగా లేకపోతే లేదనే చెప్పి, దానికి దగ్గరగా ఉన్నదాన్ని చెప్పవచ్చా అని అడగండి. గుర్తు తెచ్చుకోవడానికి కాస్త సమయం అడిగినా ఎవరూ తప్పుపట్టరు. మీరు మాట్లాడుతున్నప్పుడు మేం తలదించుకుని రాసుకుంటుంటే కంగారుపడకండి. చాలాచోట్ల అభ్యర్థులందరినీ అవే ప్రశ్నలు అడిగి, ఒక్కో జవాబుకు విడిగా మార్కులు వేస్తారు. మీరు చెప్పిన వివరాలు ఆ కాగితం మీదికి రాకపోతే, తర్వాత మీ తరఫున మాట్లాడటానికి మా దగ్గర ఏమీ ఉండదు.