సెలవు నుంచి తిరిగి రాగానే పిప్ చేతికిస్తే

అమెరికాకు కొత్తగా వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ తరచూ అడిగే సందేహం ఇది: "ఆపరేషన్ అయి తిరిగి చేరిన నెలలోపే పనితీరు బాగాలేదంటూ పిప్ (ఫలానా గడువులోపు పనితీరు మెరుగుపరుచుకోవాలని చెప్పే పత్రం) ఇచ్చారు. వీసా మీద ఉన్నవాళ్లం, నోరెత్తవచ్చా?"

నిస్సందేహంగా ఎత్తవచ్చు. వైద్య సెలవు అడిగినందుకో, వైకల్యం వల్ల పనిలో వెసులుబాటు కోరినందుకో కక్ష సాధించడం ఇక్కడ చట్టవిరుద్ధం. హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకూ ఆ రక్షణ ఉంది. అయితే నోరెత్తే నాటికి మీ చేతిలో ఏ కాగితాలున్నాయన్నదే అసలు సంగతి.

మనవాళ్లు జబ్బును దాస్తారు. నడుం పట్టేసినా, నెలల తరబడి మందులు మింగుతున్నా, 'సొంత పని' అని రాసి సెలవు పెడతారు. రేపు గొడవైతే యజమాని "ఒంట్లో బాగాలేదని మాకు తెలియనే తెలియదు" అంటాడు. తెలియని దానికి కక్ష ఎలా కట్టారని నిరూపిస్తారు? రోగం పేరు మేనేజరుకు చెప్పనక్కర్లేదు. "వైద్య కారణాల వల్ల ఫలానా తేదీ నుంచి ఆరు వారాలు సెలవు కావాలి, డాక్టరు పత్రం పంపుతాను" అని హెచ్ఆర్‌కు రెండు ముక్కలు మెయిల్ చేస్తే చాలు. ఫోనులో మాట్లాడినా సరే, మాట్లాడిన విషయం ఆ సాయంత్రమే మెయిల్‌లో పెట్టండి.

1993 నాటి ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల) చట్టం ఏడాదికి 12 వారాల సెలవు ఇస్తుంది. జీతం రాదు, ఉద్యోగం నిలుస్తుంది. అందుకు ఆ యజమాని దగ్గర 12 నెలలు నిండాలి, గత 12 నెలల్లో 1,250 గంటలు పనిచేసి ఉండాలి, 75 మైళ్ల లోపు కనీసం 50 మంది ఉద్యోగులు ఉండాలి. ఏడాది నిండలేదా? కనీసం 15 మంది ఉన్న సంస్థకు ఏడీఏ (వైకల్యం ఉన్నవారిపై వివక్షను నిషేధించే) చట్టం వర్తిస్తుంది. మీ స్థితి ఆ చట్టం చెప్పే వైకల్యం కిందికి వస్తే చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, కొన్నాళ్ల సెలవు కూడా వెసులుబాటుగా అడగవచ్చు. కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేసేవారికి ఉద్యోగం తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ముందుగా కన్సల్టెన్సీది. అలాగని క్లయింట్ కక్ష సాధించడానికి వీల్లేదు.

గుంటూరులో అమ్మకు గుండె ఆపరేషన్ అయితే, చూసుకోవడానికి వెళ్లేందుకూ ఎఫ్ఎంఎల్ఏ పనికొస్తుంది. అక్కడి డాక్టరు ఇచ్చిన పత్రం చెల్లుతుంది. తెలుగులో ఉంటే, యజమాని అడిగినప్పుడు అనువాదం మీరే ఇవ్వాలి. అత్తమామలకు మాత్రం ఈ చట్టం వర్తించదు. మన కుటుంబాల తీరు ఈ చట్టం రాసినవాళ్లకు తట్టలేదేమో!

ఇక పిప్ సంగతి. ఒక్క పిప్ ఇచ్చినంత మాత్రాన కొన్ని కోర్టులు దాన్ని నష్టంగా లెక్కించవు. దాని వెనుక జీతం కోత, హోదా తగ్గింపు, తొలగింపు ఉంటే కథ మారుతుంది. జనవరి సమీక్షలో "అంచనాలకు మించి పనిచేశారు" అని రాసిన మేనేజరే, మార్చిలో సెలవు ముగించుకుని వచ్చాక ఏప్రిల్‌లో "వేగం లేదు" అని రాస్తే, ఆ తేదీలే సగం కేసు. మిగతా సగం, మీతో సమానంగా పనిచేసి సెలవు పెట్టని సహోద్యోగిని ఎలా చూశారన్నది. సెలవు అడగకముందే ఫిర్యాదులు రాసి ఉన్నా, అందరితోపాటు మీ విభాగాన్నే ఎత్తేసినా, ఆ సెలవు మిమ్మల్ని కాపాడదు.

తేదీలవారీగా ఇంట్లో ఒక నోటు పుస్తకం రాసుకోండి. కంపెనీ ఫైళ్లను మాత్రం సొంత మెయిల్‌కు తోలకండి. ఆ ఒక్క సాకుతో మిమ్మల్ని పంపించేసే వీలుంది. రహస్యంగా మాటలు రికార్డు చేయడం కూడా కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో నేరం.

ఏడీఏ ఫిర్యాదు ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్షపై ఫిర్యాదులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 180 రోజుల్లోపు వెళ్లాలి, ఇలాంటి ఫిర్యాదులు చూసే సొంత ప్రభుత్వ సంస్థ ఉన్న రాష్ట్రాల్లో 300. 180 అనే లెక్క పెట్టుకోండి. తొలగిస్తున్నామని చెప్పిన రోజు నుంచి లెక్క, చివరి జీతం నుంచి కాదు. రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఎఫ్ఎంఎల్ఏకు నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు, గడువు రెండేళ్లు, కావాలనే చేశారని తేలితే మూడేళ్లు.

ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద ఇక్కడ ఉండేందుకు మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. మీ ఫిర్యాదు ఆ గడియారాన్ని ఆపదు. కాబట్టి మొదటి వారంలోనే ఇమిగ్రేషన్ వకీలునూ, ఉద్యోగ వ్యవహారాల వకీలునూ విడివిడిగా కలవండి. పరిహారం ఇస్తామంటూ కంపెనీ ముందు పెట్టిన కాగితం మీద ఉద్యోగ వ్యవహారాల వకీలు చదివేదాకా సంతకం చేయకండి. దావా వేయనని ఒప్పుకునే వాక్యం అందులో ఎక్కడో ఉంటుంది.