టెక్ సందేహాలు: టైరు గ్రిప్ లెక్కల్ని ఎలా నమ్మాలి?

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్ నిట్‌లో చదివి ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. టొయోటా జీఆర్86 స్పోర్ట్స్ కారు కొన్నాడు, సెలవు రోజుల్లో ఆటోక్రాస్ పోటీలకు (ఖాళీ స్థలంలో కోన్‌ల మధ్య ఒక్కో కారూ గడియారంతో పోటీపడేవి) వెళ్తున్నాడు. ఇప్పుడు రోడ్డుకీ ట్రాక్‌కీ రెండింటికీ పనికొచ్చే టైర్లు వేయిస్తానంటున్నాడు. ఒక కంపెనీ 15 శాతం ఎక్కువ గ్రిప్ అంటోంది, ఇంకో కంపెనీ రేస్ టైరుతో సమానం అంటోంది. నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషిని, కార్ల సంగతి తెలియదు. ఈ మాటల్లో నిజమెంతో తేల్చుకునే పద్ధతి ఉందా? (రిటైర్డ్ లెక్చరర్, హన్మకొండ)

జవాబు: సార్, మీరు ఫిజిక్స్ చెప్పినవారు కాబట్టి నా పని సగం తేలికైంది. బల్ల మీద చెక్క దిమ్మె పెట్టి లాగించి, ఘర్షణ గుణకం అనేది ఆ రెండు ఉపరితలాలకు సంబంధించిన స్థిరాంకం అని పిల్లలకు చెప్పి ఉంటారు. రబ్బరు దగ్గర ఆ పాఠం పనిచేయదు. రబ్బరు రోడ్డుని రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి, రోడ్డు ఉపరితలానికి అణువుల స్థాయిలో అతుక్కోవడం. రెండోది, కంకర గరుకులోకి దిగబడి, వంగి, మళ్లీ పాత ఆకారానికి వచ్చేటప్పుడు కొంత శక్తిని వేడి రూపంలో పోగొట్టుకోవడం. ఈ రెండూ రబ్బరు ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంగా జారుతోంది అన్నదాన్ని బట్టి మారిపోతాయి. పైగా బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. అందుకే ఒకే టైరు తేలికపాటి జీఆర్86 మీద ఒక అంకె, బరువైన కారు మీద ఇంకో అంకె చూపిస్తుంది.

అంటే గ్రిప్ అనేది టైరు ఒక్కదాని సొత్తు కాదు. టైరు, రోడ్డు, వేడి, బరువు, ఈ నాలుగూ కలిసినప్పుడు పుట్టేది. కాబట్టి ఎవరైనా 15 శాతం అన్నప్పుడు మీరు అడగాల్సిన మొదటి మాట: దేనికంటే? ఏ టైరు కంటే, ఏ సైజులో, ఏ కారు మీద, పొడి రోడ్డా తడి రోడ్డా, టైరు ఎంత వేడెక్కాక? ఇవన్నీ చెప్పిన ప్రకటన అయితే ముందుకు చదవండి. చెప్పకపోతే ఆ అంకెని పక్కన పెట్టేయండి.

సరే, 15 శాతం నిజమే అనుకుందాం. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 1 జీ పట్టు (కారు బరువుతో సమానమైన పట్టు) ఇచ్చే టైరుతో గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో తిరగొచ్చు. వేగం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందని మీకు తెలిసిందే, అందుకే పట్టు 15 శాతం పెరిగితే వేగం 7 శాతమే పెరిగి 85 కి.మీ. పైచిలుకు అవుతుంది. బ్రేకు విషయానికొస్తే 100 కి.మీ. వేగం నుంచి ఆగడానికి పట్టే దూరం 39 మీటర్ల నుంచి 34కి తగ్గుతుంది. అయిదు మీటర్లు అంటే ఒక కారు పొడవు కంటే ఎక్కువ. చిన్న విషయం కాదు.

ఈ లెక్కతోనే అబద్ధాన్ని కూడా పట్టుకోవచ్చు. ఆటోక్రాస్‌లో ఒక రౌండ్ సుమారు నిమిషం ఉంటుంది, దాదాపు అంతా మలుపులే. గెలుపోటములు చాలాసార్లు సెకనులో పదో వంతుల మీద తేలతాయి. మామూలు రోడ్డు టైరు తీసేసి ట్రాక్ టైరు వేస్తే 15 శాతం వచ్చిందంటే నమ్మొచ్చు, అది గడియారంలో సెకన్ల తేడాగా కనబడుతుంది. కానీ అదే తరగతికి చెందిన పోటీ కంపెనీ టైరు కంటే 15 శాతం అంటే మాత్రం నిమిషానికి నాలుగు సెకన్ల దాకా ఆదా అన్నమాట. అంత తేడా నిజంగా ఉంటే పోటీకొచ్చిన ప్రతి కారుకీ ఆ ఒక్క టైరే ఉండాలి. అక్కడ పార్కింగ్‌లో నిలబడి గెలిచినవాళ్ల చక్రాలు చూసి రమ్మని మీ అబ్బాయికి చెప్పండి. రకరకాల టైర్లు కనబడితే ఆ అంకె తప్పని తేలిపోయినట్టే.

ఇక టైరు పక్కన అచ్చువేసిన అంకెలు. అమెరికాలో యూటీక్యూజీ అనే టైరు నాణ్యత రేటింగు ఉంటుంది: ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్. చాలామంది ట్రెడ్‌వేర్ అంకె తక్కువుంటే గ్రిప్ ఎక్కువని లెక్కేసుకుంటారు. అది అరుగుదల పరీక్ష సార్. మీ అబ్బాయి ఉంటున్న టెక్సాస్‌లోనే, శాన్ ఏంజెలో చుట్టూ మామూలు రోడ్ల మీద 7,200 మైళ్లు తిప్పి, ప్రామాణిక టైరుతో అరుగుదలని పోల్చుతారు. టైరు మీద వేసే అంకెను చివరికి నిర్ణయించేది తయారీ కంపెనీయే. ట్రాక్షన్ కింద ఉండే ఏఏ, ఏ అన్న అక్షరాలైతే తడి తారు మీదా తడి కాంక్రీటు మీదా చక్రాన్ని బిగించేసి నేరుగా ఈడ్చి చూసిన ఫలితం. పొడి రోడ్డు మీద మలుపు గురించి అందులో ఒక్క ముక్క లేదు. యూరప్ లేబుల్ మీది ఏ నుంచి ఈ దాకా ఉండే వెట్ గ్రిప్ కూడా తడి బ్రేకింగ్ సంగతే.

మరి ట్రాక్ టైర్లు చేసే కంపెనీల్లో అంతమంది ట్రెడ్‌వేర్ 200 దగ్గరే ఎందుకు గుమిగూడారు? ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు) ఆటోక్రాస్ స్ట్రీట్ తరగతిలో కనీసం 200 ట్రెడ్‌వేర్ ఉండాలన్నది నియమం. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ ఏ052 రెండింటి మీదా సరిగ్గా 200 ఉంటుంది. టోయో ఆర్888ఆర్ మీద 100 ఉంటుంది కాబట్టి ఆ తరగతిలోకి రానివ్వరు. అంటే 200 అనేది పోటీలోకి ప్రవేశించే టికెట్టు. రెండు టైర్ల మీదా అదే అంకె ఉంది కాబట్టి పట్టు కూడా ఒకటే అనుకుంటే మోసపోతాం.

నమ్మదగిన పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఒకే రోజు, ఒకే కారు, ఒకే డ్రైవరు. ముందు పాత టైరుతో నడపాలి, తర్వాత కొత్తది, ఆ తర్వాత మళ్లీ పాతది. మూడోసారి ఎందుకంటే ఉదయం నుంచి మధ్యాహ్నానికి ట్రాక్ వేడెక్కుతుంది, దాని మీద రబ్బరు పరుచుకుంటుంది, డ్రైవరుకి మలుపులు అలవాటవుతాయి. పాత టైరు రెండోసారి కూడా మొదటి సమయమే ఇస్తే, మధ్యలో కనబడిన లాభం కొత్త టైరుదే. పాత టైరే రెండోసారి సెకను తగ్గిందంటే, కొత్త టైరు ఖాతాలో వేసిన లాభంలో కొంత ఆ ఎండది, ఆ డ్రైవరుది. మీరు ల్యాబ్‌లో పిల్లల చేత రీడింగులు మళ్లీ తీయించింది కూడా ఇందుకే కదా. మొదటి టైరుని మళ్లీ ఎక్కించారా లేదా అన్నది ఏ వీడియోలోనైనా ముందు చూడమనండి.

ల్యాప్ టైమ్ చూపించి టైరు గొప్ప అనేవాళ్లతోనూ ఇదే జాగ్రత్త. 2021లో పోర్షా 911 జీటీ3 జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో 6 నిమిషాల 59.927 సెకన్లు తీసుకుంది. అదే కారుకి 6 నిమిషాల 55 సెకన్ల సమయం కూడా ప్రకటించారు. రెండూ నిజమే, ఒకటి 20.8 కి.మీ. పూర్తి ల్యాప్, రెండోది 20.6 కి.మీ. కొలత. పైగా దానికి వేసిన మిషెలిన్ కప్ 2 ఆర్ టైర్లు అప్పుడు ఆప్షన్‌గా విడిగా తీసుకోవాల్సినవి. ఇంకో చిక్కు, పేరు ఒకటే ఉన్నా పోర్షాకి ఎన్ గుర్తుతో, మెర్సిడెస్‌కి ఎంవో గుర్తుతో, బీఎండబ్ల్యూకి నక్షత్రం గుర్తుతో విడిగా తయారైన టైర్లుంటాయి. ఆ కారు మీద వచ్చిన ఫలితం మీ వాడి కారుకి అలాగే వస్తుందనుకోవద్దు.

చివరిగా, మీ అబ్బాయికి కావాల్సింది ఒక్క నిమిషం పట్టు. ఏ052 లాంటివి చల్లగా ఉన్నప్పుడే త్వరగా అందుకుంటాయి కాబట్టి ఆటోక్రాస్ వాళ్లు ఇష్టపడతారు, పెద్ద ట్రాక్ మీద వరసగా ల్యాప్‌లు తిప్పేవాళ్లకి మాత్రం వేడెక్కిపోయి పట్టు తగ్గుతుంది. అందుకని మొదటి రౌండు ఎంత, అయిదో రౌండు ఎంత అని విడిగా చూడాలి. డల్లాస్‌లో చలికాలం గడ్డకట్టే రోజులొస్తాయి. ఆ చలిలో ఈ తరహా రబ్బరు పగలొచ్చు, బండి కదపొద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. ఆ రోజులకి మామూలు టైర్ల సెట్టు విడిగా ఉంచుకోమనండి. తండ్రిగా మీరు అడగాల్సింది అది ఒక్కటే.

ప్రశ్న: నా స్పోర్ట్స్ సెడాన్‌కి కొత్త టైర్లు వేయించాను. ఫోన్ యాప్ పెట్టుకుని రింగ్ రోడ్డు దగ్గర మలుపు (మ్యాప్‌లో కొలిస్తే వ్యాసార్ధం సుమారు 25 మీటర్లు) గంటకు 50 కి.మీ. వేగంతో తీసుకుంటే 1.3 జీ చూపించింది. అంటే రేస్ టైరు స్థాయి వచ్చినట్టే కదా అన్నా? (నక్కలగుట్ట)

జవాబు: లేదు తమ్ముడూ. యాప్ తప్పు చదివింది, నువ్వే లెక్కేసి చూడు. మ్యాప్‌లో ఆ మలుపు వ్యాసార్ధం కొలిస్తే సుమారు 25 మీటర్లు వచ్చిందనీ, వేగం 50 అనీ నువ్వే రాశావు. గంటకు 50 అంటే సెకనుకి 13.9 మీటర్లు. దాని వర్గాన్ని 25తో భాగిస్తే 7.7, దాన్ని 9.81తో భాగిస్తే 0.79 జీ. నిజంగా 1.3 జీ రావాలంటే అదే మలుపులో 64 మీద ఉండాలి.

మిగతాది ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఫోన్ స్టాండ్ ఊగుతుంది, గుంతలో పడ్డప్పుడు ఒక్క క్షణం పైకి ఎగిరిన అంకెనే యాప్ గరిష్ఠం అని పట్టుకుంటుంది. మలుపులో కారు ఒక పక్కకి ఒరుగుతుంది. నాలుగు డిగ్రీలు ఒరిగితే చాలు, భూమ్యాకర్షణలోంచే 0.07 జీ వచ్చి కలుస్తుంది. రోడ్డు వాలు ఉంటే అదీ కలుస్తుంది. ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే స్థానం చెప్తుంది, 50 వేగంలో ఆలోపు 14 మీటర్లు వెళ్లిపోతావు, మలుపు సగం అయిపోతుంది. నిజంగా కొలవాలని ఉంటే విడి జీపీఎస్ పెట్టెలున్నాయి, డ్రాగీ సెకనుకి 10 సార్లు, రేస్‌బాక్స్ మినీ 25 సార్లు చదువుతాయి. అప్పుడు కూడా ఒక్క క్షణపు గరిష్ఠం కాదు, పూర్తిగా ఒకటి రెండు సెకన్లు నిలబడిన అంకెనే లెక్కలోకి తీసుకో.

ఇంకొకటి, ఇది కోపంతో కాదు, నీ మీద పట్టింపుతో చెప్తున్నా. రింగ్ రోడ్డు మీద ఇలాంటి కొలతలు వద్దు. ట్రాక్టర్లు, గొర్రెల మందలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, ఎవరు ఎప్పుడు ఎదురవుతారో తెలియదు. పట్టు ఎంతుందో తెలియాలంటే అది వదిలేసే దాకా వెళ్లాలి, రోడ్డు మీద అది వదిలేసిన తర్వాత ఖాళీ జాగా ఉండదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో ట్రాక్‌లు ఉన్నాయి. ఏడాదికి ఒక్కసారి అక్కడికి వెళ్లు, ఊళ్లో మామూలుగా నడుపు.

ప్రశ్న: ఒక షాపులో విదేశాల నుంచి వచ్చిన సెమీ స్లిక్ టైర్లు (గాడులు తక్కువుండే ట్రాక్ టైర్లు), కొంచెమే వాడినవి, సగం ధరకి ఇస్తామంటున్నారు. రోడ్డుకి కూడా చట్టబద్ధమే, పట్టు మామూలు టైరుకి డబుల్ అంటున్నారు. తీసుకోవచ్చా? (కరీంనగర్)

జవాబు: వద్దు. డబుల్ అన్న మాట ఒక్కటి చాలు ఆ షాపు నుంచి బయటికి రావడానికి. మంచి రోడ్డు టైరు పొడి తారు మీద 1 జీకి దగ్గరగా ఇస్తుంది, డబుల్ అంటే 2 జీ, అది రోడ్డు టైరుతో అయ్యే పని కాదు.

మన దేశంలో కారు టైరు అమ్మాలంటే ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద కూడా ఆంక్షలున్నాయి. అక్కడ చట్టబద్ధం అన్నంత మాత్రాన ఇక్కడ చెల్లదు. ఐఎస్ఐ గుర్తు ఎక్కడుందో చూపించమనండి. తర్వాత టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రాక్ మీద బాగా వేడెక్కి చల్లారిన రబ్బరు ప్రతిసారీ కొంచెం గట్టిపడుతుంది. గాడి లోతుగా ఉండి కొత్తదానిలా కనబడుతుంది కానీ పట్టు పోయి ఉంటుంది. వాడిన ట్రాక్ టైరులో మనం కంటితో చూడలేని నష్టం అదే.

నాకు ఈ విషయంలో భయం ఉంది, కారణం ఉంది. రెండేళ్ల కింద శ్రావణంలో మా స్నేహితుడి కారులో హైదరాబాద్ నుంచి వస్తున్నాం. ఇలాగే సగం ధరకి కొన్న సెమీ స్లిక్‌లు. జనగామ దాకా పొడి రోడ్డు, కారు పట్టాల మీద పోయినట్టు పోయింది. మడికొండ దగ్గర వాన అందుకుంది. రోడ్డు మీద వేలెడు లోతు నీళ్లు కూడా లేవు, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది, కారు తిరిగి డివైడర్‌కి తగిలి ఆగింది. దెబ్బలు తగల్లేదు. వెనక లారీ దూరంగా ఉంది కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను. కొత్త మామూలు టైరుకి దాదాపు 8 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది, ఈ తరహా టైర్లలో చాలావాటికి కొత్తప్పుడే 5, 6 మిల్లీమీటర్లు, గాడుల సంఖ్య కూడా తక్కువ. నీళ్లు పక్కకి పోయే దారి లేక టైరు నీటి మీద తేలిపోతుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది, వాన ఒప్పుకోదు. రేస్ అంటే గాడులు లేని టైరే అని కూడా అనుకోకండి, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసులో కార్లన్నీ గాడులున్న టైర్లతోనే పరుగెత్తాయి, ఎండకీ వానకీ అదే టైరు.

మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఒకే సెట్టు టైర్లతో ఏడాదంతా నడిపేవాళ్లు తడి పట్టు బాగున్న మంచి రోడ్డు టైరే వేయించుకోవాలి.

ప్రశ్న: నైట్రోజన్ కొట్టిస్తే గ్రిప్ పెరుగుతుందా? (మంచిర్యాల)

జవాబు: పెరగదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడెక్కితే రెండూ దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి, ప్రతి 6 డిగ్రీలకు దాదాపు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). 30 డిగ్రీల దగ్గర 32 నింపితే టైరు 80 డిగ్రీలకి చేరేసరికి 40 దాకా వెళ్తుంది. ట్రాక్ మీద తిప్పేవాళ్లు బండి ఆపగానే వేడి మీద కొలిచి, కావాల్సిన అంకెకి గాలి తీసేది ఇందుకే, తిరిగి ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోవడం మర్చిపోకూడదు. మీరు రోడ్డు మీదే నడుపుతారు కాబట్టి డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె చాలు. సొంత గేజ్ ఒకటి కొనుక్కుని తెల్లారి బండి కదలకముందే చూడండి, మే నెల ఎండలో బంకు దాకా నడిపి వెళ్లాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అక్కడ గాలి తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది.